పులస పడని ఎపిసోడ్

ఊరి పేరు, కుటుంబం పేరు, ఓటీటీ పేరు ఇందులో ఉండవు. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయలై సముద్రంలో కలుస్తుంది కదా, వాటిలో ఏదో ఒక పాయ మీద, మొగకి (నది సముద్రంలో కలిసే చోటికి) దగ్గర్లో ఉన్న రేవు అనుకోండి, చాలు. ఏ సంవత్సరమో కూడా చెప్పను. మనుషుల గురించి కొన్ని చిన్న వివరాలు మార్చాను. చేప గురించి, వల గురించి, నేను చేసిన తప్పు గురించి ఏమీ మార్చలేదు.

నేను ఫీల్డ్ డైరెక్టర్‌ని. సినిమా కాదు, సీరియల్ కాదు, వంట నుంచి వ్యవసాయం దాకా నిజమైన మనుషుల్ని పెట్టి తీసే కార్యక్రమాలు. మా పనిలో కేస్ స్టడీ రాసే అలవాటు లేదు. హిట్టయితే ఇంటర్వ్యూ ఇస్తాం, పోతే ఆ ఊసెత్తం. డాక్టర్లు పోయిన కేసుని కూడా నలుగురి ముందు పెట్టి మాట్లాడుకుంటారని విన్నప్పటి నుంచీ ఇది రాయాలని ఉంది.

నేపథ్యం

ఆరు ఎపిసోడ్లు, ఒక్కోటి అరగంట. వానాకాలం మూడు నెలలు గోదావరి మీద వేటాడే ఒక కుటుంబం. యాంకర్ లేడు, పోటీ లేదు, ఎలిమినేషన్ లేదు. ఇలాంటిది ఒప్పించడానికి నాకు రెండేళ్లు పట్టింది. 2017లో బిగ్‌బాస్ తెలుగులోకి వచ్చాక రియాలిటీ డబ్బంతా సెట్టు మీదికి, హోస్టు మీదికి వెళ్లింది. అంతకు ముందు ఏడాదే జియో వచ్చి డేటా చవకైంది, ఫోన్ ఉన్న ప్రతి కుర్రాడూ తన ఊరినీ తన పొలాన్నీ తీసి పెట్టడం మొదలుపెట్టాడు. మేం ఈ రెంటికీ మధ్య ఇరుక్కున్నాం. సెట్టు వేసే డబ్బు మా దగ్గర లేదు, కుర్రాడంత చవగ్గా తీయడం మా వల్ల కాదు.

ప్రోగ్రామింగ్ హెడ్ సూటిగా అడిగాడు: "ఆ కుర్రాడి దగ్గర లేనిది నీ దగ్గర ఏముంది?"

"టైము. ఒకే ఇంటి దగ్గర మూడు నెలలు ఉంటాం. వాడు ఒక పూట ఉంటాడు," అన్నాను.

ఆయన తలూపి, లేచి బోర్డు మీద పెద్దక్షరాలతో 'పులస' అని రాశాడు. నేను చెప్పినదానికీ ఆయన రాసినదానికీ ఉన్న దూరం నాకు ఆ రోజే కనిపించి ఉండాల్సింది.

గోదావరి జిల్లాల బయటివాళ్ల కోసం రెండు ముక్కలు. సముద్రంలో ఉన్నప్పుడు ఈ చేపని విలస అంటారు. జూలైలో ఎగువ నుంచి ఎర్రనీరు దిగి మొగ దగ్గర ఉప్పునీటిలో కలిసే వేళకి అది గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుతుంది. తీపినీటిలో పడి కొన్ని రోజులు ఈదాక తెల్లటి ఒంటికి బంగారు ఛాయ వస్తుంది, రుచి మారుతుంది, పేరూ మారుతుంది. అప్పుడది పులస. ధవళేశ్వరం బ్యారేజీ దాటి పైకి పోలేదు కాబట్టి దాని ప్రయాణమంతా ఈ లంకల మధ్యే. ఏటేటా తగ్గిపోతోంది కాబట్టి ఒక్క చేప వేలల్లో పలుకుతుంది. ఒడిశా, బెంగాల్ వైపు నుంచి ఐసులో దిగిన ఇలసని (అదే జాతి చేప) పులసని చెప్పి అమ్మేవాళ్లూ బోలెడంత మంది. పుస్తెలమ్మి తినమనే సామెత ప్రతి ప్రోమోలోనూ ఉంటుంది, ఇక్కడ మళ్లీ రాయను.

ఇంట్లో ముగ్గురు ముఖ్యం. నేను అక్క అని పిలిచే ఆవిడ, ఆవిడ భర్త (నాకు బావగారు), మరిది. మగవాళ్లిద్దరూ పడవ మీద, అమ్మకం అక్కది. రేవు మీదికెక్కే రోడ్డు మలుపులో తట్ట పెట్టుకుని ఇరవై ఏళ్లుగా అమ్ముతోంది. రాజమండ్రి నుంచి, భీమవరం నుంచి ఫోన్లు వస్తాయి, థర్మాకోల్ పెట్టెలో ఐసు వేసి బస్సులో పంపుతుంది. డబ్బు ముందు రాదు, పెట్టె అందాక వస్తుంది. మొదటిసారి వెళ్లినప్పుడు నా నోట్‌బుక్‌లో ఇలా రాసుకున్నాను: "ఆవిడ పులస అంటే పులసే అని ఊళ్లో పేరు. మంచి క్యారెక్టర్ పాయింట్." ఆ వాక్యాన్ని ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది. ఆ పేరు ఆ ఇంటి పెట్టుబడి. పడవ మీద అప్పుంది, వల మీద అప్పుంది. అప్పు లేనిది ఆ పేరు ఒక్కటే. నేను దాన్ని స్వభావం కింద రాసుకున్నాను.

జూన్ నెలాఖరున అంగీకార పత్రం మీద ముగ్గురూ సంతకం పెట్టారు. అందులో "దృశ్యాలను మార్చుటకు, కలుపుటకు, కుదించుటకు నిర్మాతకు పూర్తి హక్కు కలదు" అనే వాక్యం ఉంది. అది ప్రతి కంపెనీ పత్రంలోనూ ఉంటుంది, దాన్ని ఎవరూ చదివి వినిపించరు. నేనూ వినిపించలేదు.

చిక్కు

మొదటి ఎపిసోడ్ డెలివరీకి 11 రోజుల షూటింగ్ అనుకున్నాం. తొమ్మిది మంది యూనిట్, రెండు కెమెరాలు, ఒక డ్రోన్, మాకంటూ ఒక ఇంజిన్ పడవ. ఆ 11 రోజుల్లో కెమెరా ముందు ఒక్క పులస పడలేదు. పడలేదంటే అసలు పడలేదని కాదు. ఆరో రోజు ఒకటి పడింది, అప్పుడు మేం బ్యాటరీలు మార్చుకోవడానికి రేవుకొచ్చాం. తొమ్మిదో రోజు తెల్లవారుజామున మూడింటికి ఇంకొకటి పడింది, మేం లాడ్జిలో నిద్రపోతున్నాం. రెండుసార్లూ మేం వెళ్లేసరికి చేప అమ్ముడైపోయింది. "మీరొచ్చే దాకా ఆపమంటే చేప ఆగుతుందేంటండీ," అంది అక్క. నిజమే. నీళ్లలోంచి తీసిన కాసేపటికే చచ్చిపోయే చేప అది. గంట గడిచే కొద్దీ ధర దిగుతుంది.

పదో రోజు నుంచి ప్రోగ్రామింగ్ హెడ్ ఫోన్లు మొదలయ్యాయి. "పులస సిరీస్ అని అమ్మాం. మొదటి ఎపిసోడ్‌లో పులస లేకపోతే ఎలా?" ఆయన్ని తప్పుపట్టడానికి రాయడం లేదు. ఆయన పైన ఇంకొకరున్నారు, వాళ్ల పైన ఇంకొకరు. ఆ టెన్షన్ దిగి దిగి నా దగ్గరకొచ్చింది. నేను దాన్ని కిందికి, పడవ మీదికి దింపాను.

మేం చేసిన ప్రయత్నాలు

మొదట పడవల సంఖ్య పెంచాం. ఒకటి దగ్గర, ఒకటి దూరం, ఏదో ఒక కెమెరా ఎప్పుడూ వల మీద ఉండేలా. తర్కం బాగానే ఉంది, నీళ్ల మీద పని చేయలేదు. పాటు (సముద్రం వైపు వెనక్కి తీసే నీరు) వేళ వల నీటితో కిందికి కొట్టుకుపోతూ ఉండాలి, ఆ దారిలో మా పడవ అడ్డం. ఇంజిన్ ఆపితే మేమూ కొట్టుకుపోయి వల మీదికొస్తున్నాం, ఆపకపోతే చప్పుడు. రెండో రోజు బావగారు ఏమీ అనలేదు. మూడో రోజు మాత్రం, "ఆయ్, తమరు గట్టు మీదుంటేనే మాకు నాలుగు చేపలు పడతాయండి," అన్నారు. ఆయన మాటలో కోపం లేదు. డీజిల్ లెక్క ఉంది.

తర్వాత రాత్రి షూటింగ్. లైట్లు పెడితే పక్క పడవలవాళ్లు కేకలేశారు. లైట్లు లేకుండా తీస్తే తెర మీద నల్లటి చుక్కలు తప్ప ఏమీ రాలేదు.

11వ రోజు మధ్యాహ్నం మా లైన్ ప్రొడ్యూసర్ ఒక వ్యాపారి దగ్గర కేజీన్నర చేప కొనుక్కొచ్చాడు. నేను వద్దనలేదు. ఆ మధ్యాహ్నం నా తలలో ఏం నడిచిందో దాచకుండా రాస్తాను, ఎందుకంటే ఈ తర్కం నా ఒక్కడిదే కాదు, మా వృత్తిలో సగం మందిది. ఒకటి: వీళ్లకి ఈ వారంలో రెండు పులసలు నిజంగా పడ్డాయి, కాబట్టి నేను జరగనిది చూపించడం లేదు, జరిగినదాన్ని మళ్లీ చేసి చూపిస్తున్నాను. రెండు: పెద్దపెద్దవాళ్లే చేశారు. 2011లో బీబీసీ వాళ్ల ఫ్రోజెన్ ప్లానెట్‌లో ధ్రువపు ఎలుగుబంటి పిల్లల దృశ్యం మంచులో కాదు, నెదర్లాండ్స్‌లో ఒక జంతుప్రదర్శనశాలలో తీసిందని గొడవైంది. అయినా ఆ సిరీస్‌కి ఏమైంది? మూడు: సంతకం ఉంది.

మూడింటిలోనూ నేను చూడనిది ఒక్కటే. ఎలుగుబంటికి ఖాతాదార్లు లేరు. అక్కకి ఉన్నారు.

మరిది ఉత్సాహంగా ఒప్పుకున్నాడు. బావగారు నీళ్లలోకి చూస్తూ "మీ ఇష్టమండి" అన్నారు. ఈ ప్రాంతంలో పనిచేసేవాళ్లు ఆ మాటకి అర్థం నేర్చుకోవాలి. అది ఒప్పుకోలు కాదు. అతిథి మొహం మీద కాదనలేక అనే మాట. అక్క ఆ సమయంలో పడవ మీద లేదు, రోడ్డు మలుపులో తట్ట దగ్గరుంది. ఆవిడని అడగాలని నాకు తట్టలేదు. తట్టలేదా, తట్టినా పక్కన పెట్టానా అన్నది నాకే ఇప్పటికీ తెలీదు.

చేప బిగుసుకుపోయి ఉంది. మరిది దాన్ని నీళ్లలో ముంచి, లుంగీ అంచుతో ఐసు మరక తుడిచి, మొప్ప దగ్గర వల కన్ను తగిలించాడు. మూడు టేకులు. మూడోదానిలో బావగారి మొహంలో ఏదో ఉంది. నేను దాన్ని ఆనందం అనుకుని ఓకే చెప్పాను.

దెబ్బ ఎక్కడ తగిలింది

ఎపిసోడ్ శుక్రవారం వచ్చింది. ఆదివారానికల్లా ఆ 20 సెకన్ల ముక్క కోనసీమ వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. మేం భయపడింది హైదరాబాద్ విమర్శకులకి. పట్టుకున్నది చేప తినేవాళ్లు. "ఒళ్లు తెల్లగా ఉంది, అది విలస, పులస కాదు." "ఇప్పుడే వల్లోంచి తీసిన చేప అలా కర్రలా ఉంటుందా?" "కన్ను లోపలికి పోయింది, కనీసం రెండు రోజులు ఐసులో ఉంది." "వెనక నీళ్లు ఇంకా ఎర్రబడలేదు, పులస ఎక్కడి నుంచి వచ్చింది?" చివరిది చదివినప్పుడు నాకు చెమట పట్టింది. నిజంగా చేప పడిన రెండు రోజులూ నీళ్లు ఎర్రగానే ఉన్నాయి. ఆ షాట్ వెనక బాగుంటుందని మేం వాడిన డ్రోన్ దృశ్యం మాత్రం జూన్ నెలాఖరుది. అంటే నిజమైన ముక్క కూడా అబద్ధంలా కనిపించింది.

ఇంతవరకూ అయితే మా పరువు పోయిందని రాసి ఊరుకునేవాణ్ని. సోమవారం భీమవరం నుంచి రావలసిన ఫోన్ రాలేదు. బుధవారం తట్ట దగ్గర ఒకాయన చేప చేతిలోకి తీసుకుని, "ఇది వల్లో పడిందా, వల్లో పెట్టారా?" అని నవ్వాడట. అక్క ఎపిసోడ్ చూడలేదు. ఆవిడ ఫోన్ బటన్ల ఫోన్. ఆయన నవ్వెందుకో అర్థం కాక మరిదిని అడిగింది, ఇంటికెళ్లి అతని ఫోన్‌లో చూసింది. ఆ వారం పడిన ఒకే ఒక్క పులసని మామూలుగా పలికే ధరలో సగానికి ఇచ్చేసింది, కొనేవాడు దాన్ని విలస లెక్కలోనే తీసుకున్నాడు.

నేను గురువారం వెళ్లాను. వాకిట్లో నీళ్లిచ్చింది, కుర్చీ వేసింది. తిట్టలేదు. "మీరు కొన్న చేప ఎంతండి?" అని అడిగింది. చెప్పాను. "దానికి అంతిచ్చారా? మోసపోయారండి మీరు," అంది. కాసేపాగి అంది: "ఇరవయ్యేళ్లలో ఐసు చేపని ఐసు చేపనే చెప్పి అమ్మానండి. అమ్ముడవకపోతే ఇంట్లో వండుకున్నాం. మీరేంటండీ, మా వల్లో పెట్టి తీశారు."

సంతకం పెట్టిన కాగితం నా బ్యాగులోనే ఉంది. దాన్ని బయటికి తీయాలన్న ఆలోచన కూడా రాలేదు. తీసినా అందులో ఈ ప్రశ్నకి జవాబు లేదు.

కంప్యూటర్ చేప

ఆ సాయంత్రమే ఆఫీసు నుంచి ఒక వీడియో వచ్చింది. ఎనిమిది సెకన్లు. వరద గోదావరి, నీళ్లు చీల్చుకుంటూ పైకెగిరిన పులస, పొలుసుల మీద ఎండ. "ఈసారి చేప కొనక్కర్లేదు, ఎవరినీ నటించమనక్కర్లేదు. రెండో ఎపిసోడ్‌లో వాడదాం," అని కింద మెసేజ్. ఏఐతో ఒక ఎడిటర్ మధ్యాహ్నం భోజనం లోపు చేశాడట. అందంగా ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. చేప ఒంటికి బంగారు ఛాయ కూడా సరిగ్గా వచ్చింది. మేం కొన్న చేప కంటే అదే అసలు పులసలా ఉంది!

నేను ఏఐకి వ్యతిరేకిని కాను. మా 140 గంటల ఫుటేజ్‌లో ఎవరు ఎక్కడ మాట్లాడారో వెతకడానికి దాన్నే వాడాను. కాకపోతే ఈ యాస దానికి కొత్త. బావగారు పోటు, పాటు అన్న ప్రతిచోటా అది 'ఫోటో', 'పాట' అని రాసింది. అది చదివితే మాది నది మీద సంగీత కార్యక్రమం అనుకోవాలి. తప్పులు దిద్దుకున్నా రెండు వారాల పని నాలుగు రోజుల్లో అయింది.

చేప విషయంలో వద్దన్నది వేరే లెక్కతో. యూట్యూబ్ 2024 మార్చి నుంచే నిజంలా కనిపించే కల్పిత దృశ్యాలకి లేబుల్ పెట్టాలంటోంది, కాబట్టి మా క్లిప్పులు అక్కడ వేస్తే ఎలాగూ చెప్పాల్సిందే. చెప్పాక ఆ షాట్ విలువేంటి? పులస ఎగిరే బొమ్మ కావాలంటే ఇకపై ఎవరైనా ఇంట్లో కూర్చుని చేసుకుంటారు. ఎనిమిది సెకన్లకి కరెంటు ఖర్చు. దాన్ని అమ్మి నేను బతకలేను, నాకంటే చవగ్గా చేసేవాడు రేపు ఉదయానికే ఉంటాడు. 'ఫలానా రోజు, ఫలానా రేవులో, ఈ మనిషి ముందు ఇది జరిగింది' అని చెప్పి నిలబడగలిగితేనే నాకు పని. ఆ ముక్కని మొదటి ఎపిసోడ్‌లోనే పోగొట్టుకున్నాను. ఈ మాటలే ప్రోగ్రామింగ్ హెడ్‌తో అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, మరి పులస లేకుండా ఏం చూపిస్తావ్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. తొమ్మిది రోజులు షూటింగ్ ఆపాను.

మళ్లీ మొదలు

అక్క రెండు షరతులు పెట్టింది. అబద్ధం ఎక్కడ చెప్పారో అక్కడే అబద్ధమని చెప్పాలి. ఇకపై తన ఇంటి గురించి ఏది బయటికెళ్లినా తను చూశాకే వెళ్లాలి. రెండోది నా స్థాయిలో ఒప్పుకోగలను. మొదటిదానికి లాయరు అడ్డం పడ్డాడు. ఒప్పుకుంటే మిగతా కార్యక్రమాల మీద కూడా అనుమానం వస్తుందన్నాడు. అనుమానం ఇప్పటికే వచ్చింది, ఒప్పుకుంటే కనీసం ఈ ఒక్కదానితో ఆగుతుందన్నాను. పది రోజుల తర్జనభర్జన తర్వాత పాత ఎపిసోడ్ తీసేసి, మొదట్లో 40 సెకన్లు చేర్చి కొత్తది పెట్టాం. నా గొంతుతోనే చెప్పాను: వల్లో చేప మేం కొని పెట్టించాం, ఈ కుటుంబానికి ఇష్టం లేదు, అమ్మే ఆవిడకి అసలు తెలీదు. చివరి ముక్క పెట్టమని ఎవరూ అడగలేదు. ఆవిడ పేరు నిలబడాలంటే కావలసింది అదే.

యూనిట్‌ని ముగ్గురికి దించాను. నేను, ఒక కెమెరామన్, సౌండ్ చూడటానికి ఆ ఊరి డిగ్రీ అమ్మాయి. మా పడవ తీసేశాం. ఇది త్యాగం కాదు, తొమ్మిది మంది భోజనాలు, లాడ్జి, డీజిల్ మిగిలితే అదే బడ్జెట్‌తో రోజులు మూడింతలయ్యాయి. మొదటి మీటింగ్‌లో నేను అమ్మిన టైము నాకు అప్పుడు గాని దొరకలేదు. పడవ ముందు కొయ్యకి చిన్న యాక్షన్ కెమెరా బిగించి, ఆన్ ఆఫ్ బావగారి చేతికిచ్చాం. మొదటి వారం అది శుద్ధ దండగ. ఉప్పుగాలికి అద్దం మసకబారింది, దానికి తోడు ఆయన కెమెరా ఆన్ చేసి దానికేసి చూస్తూ "ఇప్పుడు మనం వల వేస్తున్నాం" అని వార్తలు చదివినట్టు చదివేవారు. అలా చేయొద్దని చెప్పబోయి ఆగాను. చెబితే ఇంకా బిగుసుకుంటారు. ఎనిమిదో రోజుకి ఆయనకే విసుగొచ్చి దాన్ని మర్చిపోయారు.

గట్టు మీద ఉండిపోవడం వల్ల మాకు చేసేది లేక అక్క తట్ట దగ్గర కూర్చున్నాం. సిరీస్ అక్కడ దొరికింది.

కారులో వచ్చిన దంపతులు, పట్నం వాళ్లు. పులస కావాలన్నారు, ఎంతైనా ఫర్వాలేదన్నారు. తట్టలో మూడు ఒకేలాంటి చేపలున్నాయి. నా కంటికి మూడూ పులసలే. అక్క మొదటిదాన్ని తీసి బొటనవేలితో పొట్ట నొక్కింది, సొట్ట పడి అలాగే ఉండిపోయింది. "ఇది ఐసుదండి." రెండోదాని మొప్ప విప్పి చూపించింది, ఎరుపు నల్లబడుతోంది. "ఇది నిన్నటిది, మొగలోది. విలస." మూడోది పైకెత్తి వెలుగుకి తిప్పింది, వీపు మీద తెలుపే ఉంది. "ఇది ఇవాళ్టిదే. ఇంకో నాలుగు రోజులు ఈదితే పులసయ్యేదండి, తొందరపడి మా వల్లో పడింది. విలస ధరకే ఇస్తాను." ఆయన మొహం వాడిపోయింది. పులస తెస్తానని ఇంట్లో ఎవరికో మాటిచ్చినట్టున్నాడు. "పులస అనే చెప్పి ఇవ్వమ్మా, నేను తినేది నాకు తెలుసులే," అన్నాడు నవ్వుతూ. అక్క నవ్వలేదు. "మీరు పులస అనుకుని తినండి. నేను మాత్రం విలసే ఇచ్చాను."

నాలుగున్నర నిమిషాలు, ఒక్క కట్ లేకుండా వాడాం. రెండో ఎపిసోడ్‌కి అదే గుండెకాయ. ఏ పోటీ ఫార్మాట్‌లోనూ ఇంత టెన్షన్ నేను తీయలేదు. తర్వాతి వారం భీమవరం ఫోన్ మోగింది. దానికి ఎపిసోడే కారణమని నేను అనను, ఆయనకి మంచి చేప కూడా కావాలి.

ఆగస్టులో వరదొచ్చింది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రెండో హెచ్చరిక రాగానే యూనిట్ ఏటిగట్టు దాటి నీళ్ల వైపు వెళ్లకూడదని నియమం పెట్టుకున్నాం. ఆఫీసు మునిగిన లంక డ్రోన్ షాట్లు అడిగింది. ఇవ్వలేదు. ఆ లంకలో అక్క పుట్టిల్లుంది. గట్టు మీద పశువుల్ని కట్టేసుకుని నీళ్లకేసి చూస్తున్న మనుషుల్ని, వాళ్లు సరేనన్నాక, నేల మీద నుంచి తీశాం.

వరద తీసిన మూడో రాత్రి పులస పడింది. పెద్దది. యాక్షన్ కెమెరా ఆన్‌లోనే ఉంది, కానీ వాన అని మరిది దాని మీద తువ్వాలు కప్పాడు. మాకు దక్కింది శబ్దం. వల చేంతాడు పడవ అంచు మీద రాసుకునే చప్పుడు, నీళ్లలో ఒక్కసారి దబ్బుమన్న మోత, బావగారు గట్టిగా పీల్చిన ఊపిరి, మరిది "వదిన్ని లేపాలి" అన్న మాట. నల్లటి తెర మీద 50 సెకన్లు ఆ శబ్దమే వేశాం. ఆఫీసులో దాని మీద పెద్ద రభస జరిగింది. ఏఐతో ఆ నలుపు నింపొచ్చు కదా అని ఒకరు మర్యాదగానే అడిగారు.

మార్చుకున్నవి

ఇప్పుడు ప్రతి షూటింగ్‌లో ఒక మామూలు రూళ్ల పుస్తకం ఉంటుంది. షాట్, తేదీ, చోటు, ఎవరున్నారు, మేం ఏమైనా అడిగి చేయించామా. చివరి గడే ముఖ్యం. కెమెరాలో పుట్టిన చోటే దృశ్యానికి డిజిటల్ ముద్ర వేసే పద్ధతి 2023లోనే లైకా అనే కెమెరా కంపెనీ తెచ్చింది, మా స్థాయి కెమెరాల్లోకి కూడా వస్తుంది. వచ్చినా పుస్తకం మానను. మేం కొన్న చేపని తీసింది కూడా నిజమైన కెమెరాయే. ఆ ముద్ర దాని మీదా బ్రహ్మాండంగా పడేది.

మళ్లీ చేయించిన దృశ్యం ఉంటే తెర మీదే రాస్తాం. రషెస్ (ఎడిట్ చేయని ఫుటేజ్ మొత్తం) రెండేళ్లు దాస్తాం, ఆ హార్డ్ డిస్కుల ఖర్చు బడ్జెట్‌లో విడిగా అడుగుతాను, ప్రతిసారీ కొట్టేస్తారు, ప్రతిసారీ మళ్లీ రాస్తాను. షూటింగ్ మొదలయ్యే ముందు ఇంట్లో ప్రతి ఒక్కరినీ విడివిడిగా ఒకటే అడుగుతాను: మీ గురించి ఏది తప్పుగా వెళ్తే మీ బేరం పోతుంది?

అంగీకారం సంగతి. కట్ చూపించేటప్పుడు అక్క ఆ ఒప్పుకోలు 40 సెకన్లు తగ్గించమంటుందేమో, వరదలో ఏడ్చిన దృశ్యం తీసేయమంటుందేమో అనుకున్నాను. వాటి జోలికే పోలేదు. నాలుగో ఎపిసోడ్‌లో బావగారు సావుకారుతో మాట్లాడే చోట అప్పు అంకె వినిపిస్తుంది. అది తీయమంది. "ఏడిస్తే ఏముందండి, అందరూ ఏడ్చారు. ఆ అంకె వింటే మా పిల్ల సంబంధం పోతుంది." మూడు సెకన్లు. నేనొక్కణ్నే కూర్చుని ఎడిట్ చేసుంటే ఆ మూడు సెకన్లు నాకు ఎప్పటికీ కనిపించేవి కావు.

ఎంతమంది చూశారో మాకు చెప్పలేదు. రెండో సీజన్ అడిగారు, సగం బడ్జెట్‌తో. ముగ్గురితో తీయడం నేనే నేర్పాను కాబట్టి కాదనలేకపోయాను.

మరిది ఇప్పుడు సొంత ఛానల్ పెట్టుకున్నాడు. మా దగ్గర నేర్చుకున్నవన్నీ, ఆ 11వ రోజు మధ్యాహ్నం నేర్చుకున్నదీ, అందులో ఉన్నాయి. పోయిన వానాకాలం ఒక వీడియోలో పెద్ద పులస పట్టాడు. మా సిరీస్ ప్రోమో కంటే దానికే ఎక్కువ మంది. నేను వెళ్లినప్పుడు అక్కకి నా ఫోన్‌లో చూపించాను. కళ్లద్దాలు సర్దుకుని ఒకసారి చూసింది, వెనక్కి జరపమంది, మొప్ప దగ్గర ఆపమంది.

"ఐసుది," అంది.

అతనితో చెప్పావా అని అడిగాను.

"చెప్పానండి. నీ ఇష్టం, నా తట్ట దగ్గర మాత్రం ఫోను తీయకు అన్నాను." తూకం సరిచూసుకుంటూ, "పక్కకి జరగండి, బేరం వచ్చింది," అంది.